బిగిసింది కదా అంటే చాలదు

విశాఖపట్నం చేపల రేవులో మరబోట్ల ఇంజిన్లు బాగుచేసే మెకానిక్ మీ ప్రశ్నలకు ఇస్తున్న జవాబులు

ప్రశ్న: మా సోనా రకం మరబోటుకు ఆరు సిలిండర్ల ఇంజిన్ ఉంది. లారీ ఇంజిన్‌నే బోటుకు తగ్గట్టు మార్చినది. మొన్న వేట నుంచి వచ్చాక ఆయిల్ ఫిల్టర్ మార్చబోతే, డబ్బా మీది అక్షరాలను ఉప్పుగాలి తినేసింది. పాత డబ్బానే దుకాణానికి పట్టుకెళ్లాను. ఆయన రెండూ పక్కపక్కన పెట్టి చూసి, అదే సైజుది ఇంకొకటి ఇచ్చాడు. ధర సగమే. చక్కగా బిగిసింది. మా డ్రైవర్ మాత్రం ఆ ఫిల్టర్‌తో సముద్రంలోకి వెళ్లనని మొండికేశాడు. ఎవరి మాట వినాలి?
– ఒక బోటు యజమాని, జాలరిపేట

జవాబు: డ్రైవర్ మాట వినండి. అతని వాటా పెంచమని చెప్పడం నా పని కాదు కానీ, అలాంటి మనిషిని మాత్రం వదులుకోకండి.

పని నేర్చుకునే రోజుల్లో మీరు చేసినదే నేనూ చేశాను. ఆ ఇంజిన్‌కు ఫిల్టర్ పట్టే స్టడ్, అంటే మరలున్న కడ్డీ, 3/4 అంగుళంది, అంగుళానికి 16 మరలు. నేను తెచ్చిన డబ్బా 20 మిల్లీమీటర్ల మరది. కొలిస్తే 3/4 అంగుళమంటే 19.05 మిల్లీమీటర్లు. మర దూరం కూడా దాదాపు ఒకటే. అందుకే డబ్బా హాయిగా ఎక్కింది, రబ్బరు వాషర్ తగలగానే చేతికి బిగువుగానే అనిపించింది. నిజానికి లోపల మరల కొనలు మాత్రమే ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. రేవులో గంటసేపు నడిపి చూశాం, చుక్క కారలేదు. మర్నాడు తెల్లవారుజామున సముద్రంలో చల్లటి ఇంజిన్‌ను స్టార్ట్ చేశారు. చిక్కటి నూనె ఒత్తిడి ఒక్కసారిగా పెరిగేది అప్పుడే. డబ్బా ఊడి ఇంజిన్ గది అడుగున పడింది, వెనకాలే నూనె మొత్తం. గేజి ముల్లు పడిపోవడం చూసి డ్రైవర్ వెంటనే ఇంజిన్ ఆపేశాడు కాబట్టి ఇంజిన్ ఇరుసును మోసే క్రాంక్ బేరింగులు దక్కాయి. ఇంకో బోటు తాడు కట్టి లాక్కొచ్చింది. లైట్‌హౌస్ కొండ కనబడినప్పటి నుంచి యజమాని నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

మర ఒక్కటే సరిపోయినా చాలదు. డబ్బా లోపల మీ కంటికి కనబడని బైపాస్ వాల్వు ఉంటుంది. నూనె చిక్కగా ఉన్నప్పుడో, నూనెను వడకట్టే కాగితం మురికితో పూడుకుపోయినప్పుడో అది తెరుచుకుని, వడకట్టని నూనెనైనా బేరింగులకు పంపుతుంది. నూనె అసలు అందకపోవడం కంటే మురికి నూనె అందడమే నయం. ఈ వాల్వు కొన్ని ఇంజిన్లలో ఫిల్టర్‌లో ఉంటుంది, కొన్నిటిలో ఫిల్టర్ కూర్చునే తలలోనే ఉంటుంది. మీ ఇంజిన్ దాన్ని ఫిల్టర్‌లో ఆశిస్తుంటే, మీరు పెట్టినదానిలో అది లేకపోతే, కాగితం పూడుకున్న రోజున బేరింగులకు చుక్క అందదు. ఉన్నా, తక్కువ ఒత్తిడికే తెరుచుకునేది అయితే నూనె వడకట్టకుండానే తిరుగుతూ ఉంటుంది, అది మీకు తెలియను కూడా తెలియదు. ఇంజిన్ ఆపాక డబ్బాలోని నూనె వెనక్కి జారిపోకుండా ఆపే రబ్బరు పొర ఇంకొకటి. డబ్బా అడ్డంగానో తలకిందులుగానో అమర్చిన ఇంజిన్లకు ఇది తప్పనిసరి. ఇవేవీ రెండు డబ్బాలు పక్కపక్కన పెట్టి చూస్తే తేలేవి కావు.

కాబట్టి ఫిల్టర్ కొనాల్సింది నంబరు చూసి. అది పాత డబ్బా మీది నంబరు కూడా కాకూడదు. దాన్ని పెట్టినవాడే తప్పు చేసి ఉండొచ్చు కదా. ఇంజిన్‌కు కొట్టిన రేకు మీద మోడల్, సీరియల్ నంబర్లు ఉంటాయి. వాటితో ఇంజిన్ తయారీదారు డీలర్ దగ్గర విడిభాగాల పుస్తకంలో ఫిల్టర్ నంబరు చూపించుకోండి. తెలిసిన వెంటనే ఇంజిన్ గది గోడ మీద పెయింటుతో పెద్దగా రాయండి. నేను బాగుచేసిన బోట్లన్నిటిలో ఆ రాత ఉంటుంది, అందం సంగతి అడగకండి.

లారీకి వాడే ఫిల్టర్ పనికొస్తుందా అన్న అనుమానం మీ ఉత్తరం చదువుతుంటే నాకు తగిలింది. నంబరు అదే అయితే నిక్షేపంగా వాడండి. ఇంజిన్ తయారీదారు పెట్టెలోదే కొనాలనీ నేను అనను. పేరున్న ఫిల్టర్ కంపెనీలు తమ ఏ నంబరు ఏ ఇంజిన్ నంబరుకు బదులో పట్టికలు వేస్తాయి. ఆ పట్టికలో ఉన్నది సరే. సగం ధరకు, తయారీదారు పేరు లేని అట్టపెట్టెలో వచ్చేది మాత్రం నాకు వద్దు.

బిగించేటప్పుడు పాత వాషర్ తలకే అతుక్కుని ఉండిపోయిందేమో వేలితో తడిమి చూడండి. రెండు వాషర్లు ఒకదానిమీద ఒకటి పడితే నూనె తప్పక చిమ్ముతుంది. కొత్త వాషర్‌కు నూనె రాసి, అది తగిలాక చేత్తో ముప్పావు చుట్టు తిప్పితే చాలు. డబ్బా మీద వేరే కొలత రాసి ఉంటే దాని ప్రకారమే. రెంచి విప్పడానికి మాత్రమే వాడండి.

ఎన్నాళ్లకు మార్చాలని అడగలేదు కానీ చెప్తాను. ఇలాంటి ఇంజిన్లు చాలావాటికి 250 గంటలు రాస్తారు, మీ పుస్తకం చూసుకోండి. రోజుకు 18 గంటల చొప్పున 14 రోజుల వేట అంటే 252 గంటలు. ఒక్క ప్రయాణంతోనే గడువు తీరిపోయింది! లారీవాడిలా నెలలు లెక్కపెడితే కుదరదు.

ప్రశ్న: ఇంజిన్ నూనె పాలు కలిపిన కాఫీలా మారింది. నీటిని ఆపే మంచి ఆయిల్ ఫిల్టర్ ఏదైనా ఉందా?
– భీమునిపట్నం

జవాబు: మీరు డీజిల్ ఫిల్టర్‌తో పొరబడుతున్నారు. నీటిని వేరుచేసి అడుగున నిలిపే గిన్నె ఉండేది డీజిల్ దారిలో. ఆయిల్ ఫిల్టర్ మురికిని పట్టేది, నీళ్లు పడితే దాని కాగితం ఉబ్బి దారి మూసుకుంటుంది. నూనె చల్లబరిచే కూలర్‌కు చిల్లు పడిందో, సిలిండర్ల మీది మూతకు అడుగున ఉండే హెడ్ గ్యాస్కెట్ పోయిందో, పొగగొట్టం గుండా సముద్రపు నీరు వెనక్కి వచ్చిందో ముందు తేల్చండి. అంతవరకు ఇంజిన్ నడపకండి. ఉప్పునీరైతే ఆలస్యం అసలు పనికిరాదు, బేరింగులు తుప్పుపడతాయి. లోపం సరిచేశాక నూనె, ఫిల్టర్ మార్చి కాసేపు నడిపి, తెలుపు పూర్తిగా పోయేదాకా మళ్లీ మళ్లీ మార్చాలి. ఖర్చే, ఏం చేస్తాం.

ప్రశ్న: ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం కదా. నూనె, ఫిల్టర్ మళ్లీ వేటకు వెళ్లేముందు మార్చితే కలిసొస్తుందా?
– పాత పోస్టాఫీసు ప్రాంతం

జవాబు: బోటు కట్టేసేముందే మార్చండి. వాడిన నూనెలో మసి, ఆమ్లం ఉంటాయి. అవి 61 రోజులు బేరింగుల మీద కూర్చుంటాయి. కొత్త నూనె పోసి, కాసేపు నడిపి అంతటా పట్టించి ఆపేయండి. విప్పిన డబ్బాను పారేయకుండా కోసి, కాగితం మడతలు విప్పి చూడండి. ఇనుప రజను అయితే అయస్కాంతానికి అంటుకుంటుంది. రాగిరంగు మెరుపు కనిపిస్తే బేరింగులు అరుగుతున్నట్టు. ఇంజిన్ విప్పించుకోవడానికి రెండు నెలల తీరిక మీకు మళ్లీ ఏడాదికి గానీ దొరకదు.

ప్రశ్న: మా ఫైబర్ తెప్పకు టూ స్ట్రోక్ అవుట్‌బోర్డ్ మోటారు ఉంది. దాని ఆయిల్ ఫిల్టర్ ఎక్కడుందో కనబడటం లేదు.
– ముత్యాలమ్మపాలెం

జవాబు: లేదు కాబట్టి కనబడదు. దానిలో నూనె ఇంధనంతో కలిసి కాలిపోతుంది, వడకట్టడానికి మిగిలేదేమీ లేదు. ఉన్నది ఇంధనం ఫిల్టర్, దాన్ని చూసుకోండి. ఎవరైనా మీకు ఆయిల్ ఫిల్టర్ అమ్మబోతే, ఆ డబ్బుతో స్పార్క్ ప్లగ్గులు కొనుక్కోండి.