అమెరికా నంబరు, ఇక్కడి లాప్‌టాప్: ఇంటర్నెట్ ఫోన్‌తో వ్యాపారం చేయవచ్చా?

సందేహం: అమెరికాలోని చిన్న కంపెనీలకు లెక్కలు రాసిపెట్టే పని చేస్తున్నాను. నాతో పాటు నలుగురు ఉద్యోగులు, అందరూ ఇళ్ల నుంచే పని. ఒక విదేశీ యాప్‌కు నెలనెలా చందా కట్టి రెండేళ్లుగా అమెరికా నంబరు వాడుతున్నాం. క్లయింట్లు ఆ నంబరుకు చేస్తే మేం లాప్‌టాప్‌లో మాట్లాడతాం. ఈ మధ్య మన దేశం క్లయింట్లు కూడా వస్తున్నారు, వాళ్లకూ ఆ యాప్ నుంచే చేద్దామనుకుంటున్నాను. ఇదంతా చట్టవిరుద్ధమనీ, కేసు అవుతుందనీ ఒక స్నేహితుడు భయపెడుతున్నాడు. కాల్స్ అన్నీ రికార్డవుతాయి, అదీ తప్పేనా? పైగా పోయిన నెల యాప్ కంపెనీ ‘వెరిఫికేషన్’ అంటూ రెండు రోజులు నంబరు ఆపేసింది. నా నంబరు ఆపే హక్కు వాళ్లకుందా?

జవాబు: మీ స్నేహితుడు చెప్పినదాంట్లో సగం నిజం. అయితే ఆ సగం మీకింకా వర్తించలేదు. మన దేశం క్లయింట్లకు ఆ యాప్ నుంచి కాల్స్ మొదలుపెట్టిన రోజున వర్తిస్తుంది.

మన దగ్గర ఇంటర్నెట్ ఫోనుకు అనుమతి వచ్చింది 2002 ఏప్రిల్ 1న. అప్పుడే ఒక గీత గీశారు. ఇక్కడి కంప్యూటరు నుంచి మరో కంప్యూటరుకు మాట్లాడుకోవచ్చు, ఇక్కడి కంప్యూటరు నుంచి విదేశంలోని మామూలు ఫోనుకు చేసుకోవచ్చు. ఇక్కడి కంప్యూటరు నుంచి ఇక్కడి మామూలు ఫోనుకు మాత్రం కుదరదు. చాలా ఏళ్ల తర్వాత, 2018 జూన్‌లో, ఆ మూడో తలుపు కూడా తెరిచారు. అయితే తెరిచింది మొబైల్, ల్యాండ్‌లైన్ సేవలకు మన దేశంలో లైసెన్సు తీసుకున్న టెలికాం సంస్థలకే. మీరు చందా కట్టే విదేశీ యాప్‌కు ఆ లైసెన్సు లేకపోతే, మన దేశం నంబర్లకు దాని నుంచి కాల్స్ చేయడం ఆ గీత దాటడమే. అమెరికా క్లయింట్లతో మాట్లాడటం వరకు మీకు భయం లేదు.

ఇళ్ల నుంచి పనిచేయడం గురించి కూడా నిశ్చింతగా ఉండండి. ఫోను మీద సేవలందించే బీపీవోలకు ఒకప్పుడు టెలికాం శాఖ దగ్గర రిజిస్ట్రేషన్, బ్యాంకు గ్యారంటీ అంటూ పెద్ద తతంగం ఉండేది. 2020 నవంబరులో చాలావరకు తగ్గించారు, 2021 జూన్ 23న ఇచ్చిన కొత్త మార్గదర్శకాలతో మరింత సడలించారు. ఇప్పుడు రిజిస్ట్రేషన్ లేదు, దేశీయం, అంతర్జాతీయం అన్న తేడా లేదు, ఉద్యోగి ఇంట్లో కూర్చుని కాల్ తీసుకోవచ్చు, కాల్స్‌ను పంచిపెట్టే ఎక్స్ఛేంజీ విదేశంలో ఉన్నా ఫరవాలేదు. ఒక్క నిషేధం మాత్రం అలాగే మిగిలింది. లైసెన్సున్న సంస్థల దారిని తప్పించి కాల్స్‌ను దొడ్డిదారిన మామూలు ఫోన్లకు చేర్చకూడదు. ఈ రంగంలో దాన్ని ‘టోల్ బైపాస్’ అంటారు.

ఆ దొడ్డిదారి ఎలా ఉంటుందో ఒకసారి చూశాను. ఓ చిన్న వ్యాపారి ఫోన్‌లో ఫొటో తీసుకొచ్చి, ‘దీన్ని కొనమంటున్నారు, కొననా?’ అని అడిగాడు. లావుపాటి పుస్తకమంత పెట్టె. ముందు వైపు వరసగా సిమ్‌లు దూర్చే గాళ్లు, వెనక పొట్టి యాంటెన్నాలు. ఇంటర్నెట్‌లో వచ్చిన విదేశీ కాల్‌ను లోపలి సిమ్‌లలో ఒకదానితో లోకల్ కాల్‌గా మార్చి పంపడం దాని పని. అమ్మేవాడు దాన్ని ‘గేట్‌వే’ అన్నాడు, పోలీసులు సిమ్ బాక్సు అంటారు. అనుమతి లేకుండా టెలికాం సేవ నడిపితే 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం 42వ సెక్షన్ ప్రకారం మూడేళ్ల వరకు జైలు, రెండు కోట్ల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఆయన కొనలేదు. మీ దగ్గరికీ ఎవరైనా కాల్ ఖర్చు తగ్గిస్తామంటూ అలాంటి పెట్టెతో వస్తే గుమ్మంలోంచే పంపేయండి.

మరి మన దేశం క్లయింట్ల సంగతి? ఇక్కడి లైసెన్సున్న సంస్థ నుంచి మీ వ్యాపారం పేరు మీద నంబరు తీసుకోండి. సిప్ లైను (ఇంటర్నెట్ మీద నడిచే ఆఫీసు ఫోను లైను) కావచ్చు, క్లౌడ్ టెలిఫోనీ (ఎక్స్ఛేంజీ పనంతా సంస్థ సర్వర్లే చూసుకునే ఫోను సేవ) కావచ్చు, అదీ లాప్‌టాప్‌లోనే మోగుతుంది. రెండు నంబర్లు, రెండు దారులు. విదేశీ కాల్స్‌కు ఒకటి, ఇక్కడి కాల్స్‌కు ఒకటి. ఒకదానిలోంచి మరొకదానిలోకి కాల్స్‌ను కలిపే ఏర్పాటు మీ అంతట మీరు చేసుకోవద్దు.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. కొన్ని విదేశీ యాప్‌ల సెట్టింగుల్లో ‘అవతలివాళ్లకు ఏ నంబరు కనిపించాలి’ అని అడుగుతుంది. అక్కడ తమ ప్లస్ 91 మొబైల్ నంబరు పెట్టేస్తారు, క్లయింటు గుర్తుపడతాడని. సొంత నంబరే కదా, మోసం ఏముందనుకుంటారు. కానీ విదేశం నుంచి వస్తూ మన దేశం నంబరు చూపించే కాల్‌ను ఇక్కడి నెట్‌వర్కు దొంగకాల్‌గానే చూస్తుంది. ఇలాంటివాటిని ఆపే వ్యవస్థను టెలికాం శాఖ 2024 అక్టోబరు 22న ప్రారంభిస్తే మొదటి 24 గంటల్లోనే సుమారు 1.35 కోట్ల కాల్స్ ఆగిపోయాయి. వాటి మధ్య మీ కాల్ కూడా ఒకటవుతుంది. అమెరికాలోనూ మోసపుచ్చే ఉద్దేశంతో తప్పుడు నంబరు చూపించడం నేరమే, 2018 సవరణ తర్వాత బయటి దేశాల నుంచి చేసే కాల్స్‌కూ అది వర్తిస్తుంది. మీకు కేటాయించిన అమెరికా నంబరును చూపించడం మాత్రం ఆ నిషేధం కిందికి రాదు. ‘మా ఆఫీసు అమెరికాలోనే ఉంది’ అని చెప్పి పని సంపాదిస్తే అది వేరే కథ, అప్పుడు నంబరు మీకు వ్యతిరేకంగా సాక్ష్యమవుతుంది.

కొత్త క్లయింట్ల కోసం ఇక్కడివాళ్లకు ఫోన్లు చేసే ఆలోచన ఉంటే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018లో తెచ్చిన వాణిజ్య కాల్స్ నిబంధనలు చూసుకోవాలి. ప్రచార కాల్స్‌కు 140తో మొదలయ్యే నంబర్ల వరస ఉంది. మామూలు నంబరుతో అదే పని చేస్తే, 2025 ఫిబ్రవరి సవరణ ప్రకారం పది రోజుల్లో అయిదు ఫిర్యాదులు చాలు, చర్య మొదలవుతుంది. మొదటిసారి పదిహేను రోజులు బయటికి కాల్స్ బంద్. మళ్లీ చేస్తే ఏడాదిపాటు కనెక్షన్లన్నీ పోతాయి, సిప్ లైన్లతో సహా.

ఇక రికార్డింగు. నా లెక్కలో మీకు అసలు ప్రమాదం ఇక్కడుంది, మీరేమో దాన్ని ఒక్క వాక్యంలో అడిగి వదిలేశారు. ఫోన్ సంభాషణను అందులో పాల్గొన్న మనిషే రికార్డు చేసుకోవడం మన దేశంలో నేరమని చెప్పే ప్రత్యేక చట్టం లేదు. అలాంటి టేపు సాక్ష్యంగా చెల్లుతుందని సుప్రీంకోర్టు 1972లోనే మల్కానీ కేసులో చెప్పింది. అయితే గోప్యత ప్రాథమిక హక్కని 2017లో పుట్టస్వామి తీర్పు వచ్చింది, 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది, దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ముఖ్యమైన బాధ్యతలకు పద్దెనిమిది నెలల గడువిచ్చారు. ఆ గడువు అయ్యేదాకా ఆగకుండా ఇప్పుడే సర్దుకోండి.

అమెరికా వైపు గడువులేమీ లేవు. అక్కడి కేంద్ర చట్టం ప్రకారం మాట్లాడేవాళ్లలో ఒకరి సమ్మతి ఉంటే చాలు. కాలిఫోర్నియా లాంటి కొన్ని రాష్ట్రాల్లో మాత్రం రహస్యంగా సాగే సంభాషణకు అందరి సమ్మతీ కావాలి. లెక్కలు, పన్నులు, జీతాలు మాట్లాడుకునే కాల్ రహస్యం కాదని వాదించడం కష్టం. ‘మేం రికార్డు చేసింది ఇక్కడ కదా’ అన్న జవాబు అక్కడ నిలవదు. జార్జియా రాష్ట్రంలోని బ్రోకరేజీ ఆఫీసు కాలిఫోర్నియా ఖాతాదారుల కాల్స్‌ను చెప్పకుండా రికార్డు చేస్తే, 2006లో కియర్నీ కేసులో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు తమ రాష్ట్ర చట్టమే వర్తిస్తుందని తేల్చింది. ఒక్కో ఉల్లంఘనకు 5,000 డాలర్ల చొప్పున పరిహారం అడగొచ్చని అక్కడి చట్టం. రెండేళ్ల కాల్స్‌తో గుణించి చూసుకోండి.

మందు మాత్రం చవకే. కాల్ కలవగానే ‘ఈ సంభాషణ రికార్డవుతోంది’ అన్న ప్రకటన వినిపించాలి. మీరు చేసే కాల్స్‌కు ఆ ప్రకటన రాకపోతే ఉద్యోగే నోటితో చెప్పాలి. చాలా ఆఫీసులు వచ్చే కాల్స్‌కు టేపు పెట్టి, చేసే కాల్స్ సంగతి మరిచిపోతాయి. క్లయింటు ఒప్పందంలో కూడా ఒక వాక్యం రాయించండి. అవసరం లేని పాత రికార్డులు తీసేయండి, అయితే ఏదైనా తగాదా నడుస్తున్న క్లయింటువి ముట్టుకోవద్దు. తగాదా ఇక్కడి కోర్టుకు వస్తే ఆ ఫైలుకు భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ సర్టిఫికెట్ జతచేయాలి, అందులో ఫైలు హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే డిజిటల్ వేలిముద్ర లాంటిది) రాయాలి. ఉద్యోగి వాట్సాప్‌లో పంపుకున్న కాపీ కాకుండా యాప్ నుంచి నేరుగా దింపిన ఫైలు దాచండి.

చివరి ప్రశ్న, ‘నా నంబరు’. నొప్పించేలా ఉంటుంది కానీ చెప్పక తప్పదు: అది మీది కాదు. యాప్ కంపెనీది కూడా కాదు. నంబర్లు ఏ దేశంలోనైనా ప్రభుత్వ నియంత్రణలోని వనరు. కంపెనీకి వాడుకునే హక్కుంటుంది, మీకు కంపెనీతో ఉన్న ఒప్పందం మేరకే హక్కుంటుంది. అమెరికా నంబరైతే మరో సంస్థకు మార్చుకునే సదుపాయం ఇంటర్నెట్ ఫోను సేవలకూ 2007 నుంచి ఉంది. అయితే ఖాతా ఎవరి పేరున ఉందో వాళ్లు అడిగితేనే కదులుతుంది.

ఒక చిన్న సంస్థ నా దగ్గరికి వచ్చిన కేసు దీని గురించే. మొదట్లో ఉత్సాహంగా ఉన్న కుర్రాడొకడు తన సొంత ఈమెయిల్‌తో ఖాతా తెరిచాడు. మూడేళ్ల తర్వాత మానేసి, అదే వ్యాపారం పెట్టాడు. యజమాని నెలనెలా కట్టిన బిల్లులన్నీ తెచ్చి నా టేబుల్ మీద పరిచాడు. ప్రతి బిల్లు మీదా ‘ఖాతాదారు’ అన్న చోట ఆ కుర్రాడి పేరే. డబ్బు తనదైనా నంబరు తనది కాలేదు. నోటీసులు నడిచాయి, రాజీ కుదిరింది, ఈలోగా ఎంతమంది క్లయింట్లు ఆ కుర్రాడితోనే మాట్లాడి ఉంటారో లెక్క లేదు. మీ బిల్లు తీసి ఆ గడిలో ఎవరి పేరుందో ఇప్పుడే చూడండి. ఇంకొకరి గుర్తింపు పత్రాలు పెట్టి తీసుకున్నదైతే అసలు వాడొద్దు. తప్పుడు వివరాలతో నంబరు పొందడం కూడా ఇందాకటి 42వ సెక్షన్ కిందికే వస్తుంది.

రెండు రోజుల నష్టానికి పరిహారం అడగొచ్చా అంటే, ఆశ పెట్టుకోమనను. ఇలాంటి ఒప్పందాల్లో అనుమానం వస్తే సేవ ఆపే అధికారం, నష్టపరిహారం కొన్ని నెలల చందాకు మించదన్న షరతు, తగాదా తమ దేశపు కోర్టులోనే తేలాలన్న షరతు మామూలే. మన వినియోగదారుల చట్టం, 2019 ప్రకారం వాణిజ్య అవసరానికి సేవ తీసుకున్నవాళ్లు వినియోగదారులు కారు. సొంత జీవనోపాధికి స్వయం ఉపాధి చేసుకునేవాళ్లకు మినహాయింపుంది, కానీ నలుగురు ఉద్యోగులున్న మీరు ఆ గొడుగు కింద పడతారా అన్నది అవతలి లాయరు మొదట లేవనెత్తే అభ్యంతరం.

అయినా ఒకటి చూడాలి. ఆపేముందు వాళ్లు పత్రాలడుగుతూ మెయిల్ పంపారా? పంపితే ఎన్ని రోజుల గడువిచ్చారు, ఆ మెయిల్ ఏ చిరునామాకు వెళ్లింది? ఆ మెయిల్, మీ బిల్లు, మీరు ఒప్పుకున్న షరతుల కాపీ, ఈ మూడూ పట్టుకుని దగ్గరలోని న్యాయవాదిని కలవండి. గడువివ్వకుండా ఆపి ఉంటే, కనీసం ఆ రెండు రోజుల చందా వెనక్కి ఇమ్మని రాతపూర్వకంగా అడగడానికి ఆధారం దొరుకుతుంది.