పాత గ్రంథాలయానికి కొత్త బల్లలు

ప్రశ్న: నేను చదువుకున్న కళాశాలలో సుమారు నూరేళ్లనాటి గ్రంథాలయ భవనం ఉంది. గోడల అడుగున పెచ్చులూడుతున్నాయి. పూర్వ విద్యార్థులమంతా చందాలు వేసుకొని బాగుచేయించాలనుకుంటున్నాము. సిమెంటు పూత, ఫాల్స్ సీలింగ్, ఏసీలు, ల్యాప్‌టాప్ పెట్టుకొనే బల్లలు ఉండాలని కాంట్రాక్టరు చెబుతున్నారు. మీ సలహా ఏమిటి?
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: బల్లల విషయంలో ఆయన చెప్పింది సరైనదే. తక్కినవాటికి డబ్బు చెల్లించే ముందు కొంచెం ఆగండి.

గానుగ సున్నంతో కట్టిన గోడ నేలలోని నెమ్మును పీల్చుకొని, సున్నపు పూత గుండానే మెల్లగా బయటికి వదులుతుంది. దానిపై సిమెంటు పూస్తే ఆ దారి మూసుకుపోయి, నెమ్ము లోపలే నిలిచి, దానితో వచ్చిన ఉప్పు పూతను లోపలినుంచి తోసేస్తుంది. రాలిన పెచ్చును చేతిలోకి తీసుకొని చూడండి. వెనుక తెల్లని పొడి అంటుకొని ఉంటే అది ఉప్పే కావచ్చు. కనుక గోడ మొదట్లో వాననీరు నిలవకుండా చేయించి, పాడైన మేర సున్నంతోనే పూయించండి.

ఫాల్స్ సీలింగ్ వేస్తే పైకప్పు కారడమూ, దూలాలకు పట్టిన చెదలూ కంటికి కనబడవు. ఏసీలది మరో చిక్కు. సముద్రానికి దగ్గరగా ఉన్న మన జిల్లాలో గాలిలో తేమ ఎక్కువ. పగలంతా ఏసీ నడిపి సాయంత్రం ఆపేస్తే, చల్లబడిన పుస్తకాలకు తేమగాలి తగులుతుంది; గాలిలో తేమ 65 శాతం దాటి అలాగే నిలిచిందంటే అట్టలకు బూజు పడుతుంది. అరుదైన గ్రంథాలకు ఒక చిన్న గది కేటాయించి, రాత్రింబగళ్లు నడిపే స్తోమత ఉంటేనే అందులో ఏసీ పెట్టండి. చదువుకొనే హాలుకు ఎత్తైన కిటికీలు, ఫ్యాన్లు చాలు.

ఇప్పుడు గ్రంథాలయానికి వచ్చేవారిలో ఎక్కువమంది గ్రూప్స్‌కో డీఎస్సీకో సిద్ధమవుతూ, సొంత పుస్తకాలు తెచ్చుకొని పొద్దంతా కూర్చొనేవారే. వారికి కావలసింది బల్లపై 300 నుంచి 500 లక్స్ వెలుతురు, ప్రతి కుర్చీకీ ప్లగ్ పాయింటు, మంచినీరు, ఆడపిల్లలకు శుభ్రమైన మరుగుదొడ్డి. అంచనాలో ఈ చివరిది రాయడం చాలామంది మరచిపోతారు. వైరింగ్ కోసం గోడను చెక్కనీయకండి. పైపైనే పైపులు వేయించవచ్చు. చోటు కోసమని పుస్తకాల ర్యాకులను మేడమీదికి ఎక్కించడం కూడా వద్దు. పుస్తకాలు నిండిన గది నేల చదరపు మీటరుకు సుమారు 600 కిలోలు మోయాలి; చదువుకొనే గదికి అందులో సగం లెక్కతో కడతారు.

చిరిగిన పేజీలకు సెల్లోటేపు అంటించనీయకండి. దాని జిగురు పసుపెక్కి కాగితాన్ని తినేస్తుంది. పాత పత్రికలను స్కాన్ చేయించే ముందు, 1997లో కాళీపట్నం రామారావు గారు శ్రీకాకుళంలో నెలకొల్పిన కథానిలయానికి ఒకసారి వెళ్లి, అక్కడ కథలను ఎలా భద్రపరిచారో చూసి రండి.

ఒప్పందం రాసుకొనేలోగా ఒక పెద్దవాన పడనిచ్చి, పైకప్పు కింద తేలిన చెమ్మ మరకల చుట్టూ సుద్దముక్కతో గీతలు గీయించండి. మొదటి విడత డబ్బు ఆ గీతల దగ్గరే ఖర్చు పెట్టాలి.