కథా? కిరాణా చీటీనా?

అమ్మాయీ,

ఆశీస్సులు. నా మనవరాలి వయసుదానివి కాబట్టి నువ్వు అనే రాస్తాను. రేషన్ బియ్యం మీద నువ్వు రాసి పంపిన కథ మొదటిసారి చదివినప్పుడు సగంలో మూసి బల్ల మీద పడేశాను. మర్నాడు కాఫీ తాగుతూ మళ్ళీ తీస్తే నాలుగో పేజీ పట్టుకుంది. ఈ ఉత్తరం ఆ రెండింటి వల్లే.

పడేయడానికి కారణం ఈ వాక్యం: "ఫ్రీ బియ్యం తిని ఊరంతా సోమరిపోతులయ్యారు." ఏదైనా పాత్ర ఈ మాట అంటే నాకు అభ్యంతరం లేదు. మా ఇంటికొచ్చే చుట్టాల నోట రోజూ వింటున్నదే. కానీ నీ కథలో ఈ మాట ఏ పాత్రా అనలేదు. కథ చెప్పే నువ్వే అన్నావు.

కాగితం తీసి లెక్క వెయ్యి. నలుగురున్న ఇల్లు. 2013 ఆహార భద్రత చట్టం ప్రకారం మనిషికి నెలకు 5 కిలోలు, అంటే ఇరవై. కూలి పని చేసేవాళ్ళింట్లో మనిషికి రోజుకు 400 గ్రాములు వేసుకున్నా నెలకు 48 కిలోలు కావాలి. ఆ ఇరవై పన్నెండు రోజులకు అయిపోతాయి. పదమూడో రోజు నుంచి కొనుక్కోవాలి. పప్పు, నూనె, గ్యాస్, అద్దె, పిల్లల ఫీజు సంగతి వేరే. బజార్లో కిలో నలభై వేసినా ఆ ఇరవై కిలోల విలువ ఎనిమిది వందలు. నెలకు ఎనిమిది వందల కోసం పని మానేసేవాడు ఎక్కడైనా దొరికితే నాకు చూపించు, వాడి మీద నేనే కథ రాస్తాను.

ఇంకో సంగతి. ఈ బియ్యం పూర్తిగా ఉచితం అయింది 2023 జనవరిలో. అంతకుముందు మన దగ్గర కిలో రూపాయే. అంటే ఉచితం చేశాక ఆ ఇంటికి కొత్తగా మిగిలింది నెలకు ఇరవై రూపాయలు. ఇరవై రూపాయలు చూసుకుని ఊరు ఊరంతా మంచమెక్కి పడుకుందా?

మా బంధువొకాయనకు నూజివీడు వైపు మామిడి తోట ఉంది. కూలీలు దొరకడం లేదు, ప్రభుత్వమే పాడు చేసింది అని ఫోన్ చేసినప్పుడల్లా అంటాడు. ఆయన బోరు మోటారు 2004 నుంచి ఉచిత కరెంటు మీదే తిరుగుతోంది. దాన్ని ఆయన ఉచితం అనడు, రైతు హక్కు అంటాడు. నిజమే, హక్కే. ఆ మాట బియ్యానికొచ్చేసరికి ఎటు పోతుందో నాకు అర్థం కాదు. మీ వయసువాళ్ళు రాస్తే ఆయన మీద రాయాలి.

నీ కథలో ఇద్దరు ఆడవాళ్ళున్నారు. చిరిగిన చీర కట్టుకున్న మంచి పేదరాలు ఒకరు, చేతిలో సెల్ ఫోను, చెవులకు కమ్మలు ఉన్న దొంగ పేదరాలు ఇంకొకరు. మొదటామె మీద జాలి, రెండో ఆమె మీద కోపం. రెండూ ఒకే చోటు నుంచి వచ్చాయమ్మా. బియ్యం తీసుకునేవాళ్ళు మన కళ్ళకు దీనంగా కనబడాలన్న చోటు నుంచి. ఫోను సంగతే చూడు. ఈ-కేవైసీ చేయించుకో, ఆధార్‌కు నంబరు లింక్ చెయ్యి, ఓటీపీ చెప్పు అనేది ప్రభుత్వమే. ఫోను లేకపోతే కార్డుకు ఇబ్బంది, ఉంటే నీ కథలో ఇబ్బంది. ఆమె ఏం చెయ్యాలి?

కమ్మల గురించి నేనూ తప్పు చేసినవాణ్ణే. 1983లో ఎన్టీఆర్ కిలో రెండు రూపాయల బియ్యం పెట్టినప్పుడు నాకు పదిహేడేళ్ళు. నాన్న రైసుమిల్లులో గుమాస్తా. అమ్మ మిట్టమధ్యాహ్నం, వీధి నిద్రపోయే వేళ చూసి కంట్రోలు షాపుకు వెళ్ళేది. వచ్చేటప్పుడు సంచిలో బియ్యం మీద తోటకూర కట్టలు పరిచేది. చుట్టాలొస్తే ఎదురింట్లో మానికెడు సన్నబియ్యం బదులు తెచ్చి వండేది. ఆ ఇంట్లో పుట్టి, ఆ అన్నం తిని, ఉద్యోగం వచ్చిన రెండేళ్ళకు నేనొక కథ రాశాను. బంగారు కమ్మలు పెట్టుకుని రేషన్ క్యూలో నిలబడిన ఆడదాన్ని వెక్కిరించే కథ. పత్రికలో అచ్చయింది. అందరూ నవ్వుకున్నారు. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని చివరిదాకా చదివి, "అవి అత్తగారు పెట్టినవేమో. అమ్మితే ఎన్నాళ్ళ బియ్యం వస్తాయిరా, లెక్క వేశావా?" అంది. అంతే. పుస్తకం మడిచి లోపలికి వెళ్ళిపోయింది. అప్పుడు చూశాను, అమ్మ చెవులకూ కమ్మలున్నాయి.

తర్వాతి కథ నిండా లెక్కలే రాశాను. శేరు ఎంత, పావు ఎంత, అప్పు ఎంత. ఒక సంపాదకుడు దాన్ని తిప్పి పంపుతూ పైన ఎర్ర సిరాతో రాశాడు: "ఇది కథా? కిరాణా చీటీనా?" ఆ నెలే ఆయన వేసిన కథలో తల్లి వానలో తడిసి, పసిబిడ్డను పట్టుకుని చచ్చిపోతుంది. నలభై ఏళ్ళుగా చూస్తున్నాను, ఆకలి మీద రాసిన కథకు బహుమతి రావాలంటే ఎవరో ఒకరు చావాలి. బతికి, నెలాఖరుకు అప్పు చేసి, ఒకటో తారీఖున తీర్చేవాళ్ళ కథకు కన్సొలేషన్ కూడా రాదు. ఇప్పుడు కొత్త ఫ్యాషన్ ఒకటి. వాట్సాప్‌లో ఎవరో పంపిన ఉపన్యాసానికి నాలుగు పాత్రలు తగిలిస్తే కథ. నీది అలాంటిదని అనను. ఆ గాలి మాత్రం తగిలింది.

బియ్యం అమ్ముకుంటారని కూడా రాశావు. అమ్ముతారు, కాదనను. దొడ్డు బియ్యం పిల్లలు ముట్టరు. అవి ఇచ్చేసి, ఆ డబ్బుకు ఇంకొంత కలిపి సన్నవి తెచ్చుకుంటారు. తెలంగాణలో 2025 ఉగాదికి హుజూర్‌నగర్‌లో సన్నబియ్యం మొదలుపెట్టారు కదా, మనిషికి ఆరు కిలోలు. సూర్యాపేటలో ఉండే మా వియ్యపురాలి పనిమనిషి ఇప్పుడు ఆ బియ్యమే వండుతోందట, గింజ అమ్మడం లేదట. కాకినాడ రేవులో రేషన్ బియ్యం పట్టుబడ్డ వార్తలు నువ్వూ చదివే ఉంటావు. ఓడకు ఎత్తేంత బియ్యం ఎవరి గోడౌన్లో పోగయిందో, ఆ గోడౌన్ దాకా ఒక్కసారి వెళ్ళి రా. అంతదూరం ఏ కథకుడూ వెళ్ళడు, క్యూ దగ్గరే ఆగిపోతాడు. అక్కడ నిలబడ్డవాళ్ళు తిరిగి మాట అనరు కదా.

ఇక నాలుగో పేజీ. మిరపకాయలు తొడిమలు తీసీ తీసీ వేలిముద్రలు అరిగిపోయిన ముసలమ్మ, మిషను ఒప్పుకోకపోతే మనవరాలు ఆ బొటనవేలిని తన ఓణీ కొంగుతో తుడిచి, నోటి ఆవిరి పట్టి, మళ్ళీ పెట్టించడం. బావుంది. నేను రాయలేకపోయానే అనిపించింది. అక్కడ ఒక్క విశేషణం లేదు, గమనించావా?

కలం పేరు పెట్టుకోవాలా అని అడిగావు, ఇంకేవో కూడా అడిగినట్టున్నావు. నీ ఉత్తరం మేడ మీద ఉంది, మోకాళ్ళ నొప్పి, ఎక్కలేను.

ఆ నాలుగో పేజీ ఒక్కటి ఉంచి మిగతాది మళ్ళీ రాసి పంపు. ఆ ముసలమ్మను డీలరు రేపు రమ్మన్నాడని రాసి కథను ఇంకెటో తిప్పావు. ఆ రాత్రి ఆ ఇంట్లో ఏం వండారు?

ఉంటాను.