బారెన్ ద్వీపం లావా పటం: ప్రవాహం బిలం దగ్గరే ఆగిపోతే

అండమాన్‌లోని బారెన్ ద్వీపం అగ్నిపర్వతానికి క్యూజీఐఎస్ (పటాల సాఫ్ట్‌వేర్) లావా ప్లగిన్ నడిపితే ప్రవాహం బిలం దగ్గరే ఆగిపోతోందని అడిగారు. పిక్సెల్ పరిమాణం 0.00027 అన్నారు కదా, కారణం అదే. మీ ఎత్తుల రాస్టర్ (ప్రతి పిక్సెల్‌లో ఎత్తు ఉండే పటం ఫైలు) ఇంకా డిగ్రీల్లో ఉంది. లావా మందం, పొడవు మాత్రం మీటర్లలో ఇచ్చారు. ప్లగిన్ తప్పేమీ లేదు.

1. క్యూజీఐఎస్‌లో రాస్టర్ మెనూలో ప్రొజెక్షన్స్, అందులో వార్ప్ (ఫైలును వేరే కొలత విధానంలోకి మార్చే పనిముట్టు) తెరవండి.
2. ఈపీఎస్‌జీ 32646 (మీటర్లలో కొలిచే యూటీఎం విధానంలో 46వ జోన్, అంటే 46వ నిలువు పట్టీ, కోడ్) ఎంచుకోండి. విజయనగరం పటాలకు వాడే 44వ జోన్ ఇక్కడ చెల్లదు; బారెన్ ద్వీపం 46లో ఉంది.
3. రీశాంప్లింగ్ (కొత్త పిక్సెల్ విలువలు లెక్కగట్టే పద్ధతి) బైలీనియర్, పిక్సెల్ 30 మీటర్లు పెట్టండి.

చాలామంది కింది మూలన ప్రాజెక్టు సీఆర్‌ఎస్ (పటం స్థానాలను కొలిచే విధానం) మార్చి ఊరుకుంటారు. దానితో తెరమీద బొమ్మ మారుతుంది తప్ప ఫైలు మారదు. వార్ప్ చేసిన కొత్త టిఫ్‌ను సేవ్ చేసి, ప్లగిన్‌లో దాన్నే ఎంచుకోండి. పాత ఫైలును లేయర్ల నుంచి తీసేయడం మేలు, పేర్లు ఒకేలా ఉంటాయి.

4. బిలం స్థానాన్నీ అదే జోన్ మీటర్లలో ఇవ్వండి.