పెద్దోడు గడప మీద పడుకుంటే చిన్నది ఎక్కడికెళ్ళాలి?

అమ్మడూ,

నువ్వు పంపిన వీడియో మళ్ళీ మళ్ళీ చూశాను. మీ మూడు పిల్లుల్లో చిన్నది పరుపు మీద ఉచ్చ పోస్తోందని, ఉతకలేక ప్రాణం విసిగిపోతోందని, దాన్ని ఎవరికైనా ఇచ్చేయమని ఇంట్లో అంటున్నారని రాశావు. తొందరపడి ఇచ్చేయకు. ఆ వీడియోలో నువ్వు చూపించాలనుకున్నది చిన్నదాన్ని, కానీ వెనకాల వంటింటి గడప మీద పెద్దోడు పడుకుని ఉన్నాడు, వాణ్ణి ఒకసారి చూడు. కాళ్ళు చాపుకుని హాయిగా పడుకున్నట్టే ఉంటాడు. చిన్నది హాల్లోంచి రెండడుగులు వేసి ఆగింది. వాడు తల కూడా ఎత్తలేదు, తోక కొసతో నేల మీద రెండు దెబ్బలు వేశాడు, అంతే, అది వెనక్కి తిరిగి సోఫా కిందకి పోయింది. మీ లిట్టర్ బాక్సులు, అదే పిల్లులు పోసుకోవడానికి మట్టి పోసి పెట్టిన డబ్బాలు, రెండూ ఆ గడప దాటాక వాష్ ఏరియాలోనే కదా ఉన్నాయి. మరి అది ఎక్కడికెళ్ళాలి?

గొడవ అంటే అరుపులు, రక్కుకోవడాలే అనుకుంటాం, అందుకే "మావి బాగానే కలిసుంటాయి పెద్దమ్మా" అన్నావు. పిల్లులు ఒకదాన్నొకటి అదిలించుకోవడం చాలావరకు చప్పుడు లేకుండానే జరుగుతుంది. దారికి అడ్డంగా పడుకోవడం, రెప్ప వేయకుండా చూడటం, బాక్సులోంచి బయటికొస్తుంటే మీదికి దూకడం. ఒకసారి అలా బెదిరిన పిల్లి ఆ చోటు వైపే వెళ్ళదు. పరుపే ఎందుకంటావా, మెత్తగా ఉంటుంది, ఎత్తు మీద ఉంటుంది, ఎటునుంచి ఎవరొస్తున్నారో కనపడుతుంది. అంతేగానీ దానికి నీ మీద కక్షేం లేదు. కాబట్టి కొట్టడం, మూతి తీసుకెళ్ళి తడిలో రాయడం ఇంట్లో ఎవరినీ చేయనివ్వకు, అల్లుడికి కూడా గట్టిగా చెప్పు. అలా చేస్తే ఈసారి బీరువా వెనక పోస్తుంది, వాసన వచ్చేదాకా నీకు తెలియను కూడా తెలియదు.

బాక్సులు మార్చే ముందు డాక్టరుకి చూపించాలి, ఇది మాత్రం వాయిదా వేయకు. టెన్షన్ పడే పిల్లులకి ఇన్‌ఫెక్షన్ ఏమీ లేకుండానే మూత్రాశయం వాచిపోతుంది. కొంచెం కొంచెం పోస్తుంది, ఒక్కోసారి రక్తం పడుతుంది. బాక్సులో కూర్చున్నప్పుడు నొప్పి పుట్టింది కాబట్టి ఆ నొప్పి బాక్సు వల్లే వచ్చిందనుకుని దాన్ని వదిలేసి మెత్తటి చోటు వెతుక్కుంటుంది. నీళ్ళు ఎక్కువ తాగించాలి, పొడి గింజలతో పాటు తడి తిండి కూడా పెట్టు, నీళ్ళ గిన్నెలు రెండు మూడు చోట్ల ఉంచు.

ఇంకో మాట, ఇది మీ మగపిల్లులు రెండింటికీ, పెద్దోడికి, నల్లోడికి. మగపిల్లికి మూత్రనాళం చాలా సన్నం, అది మూసుకుపోతుంది. మాటిమాటికీ బాక్సులోకెళ్ళి ముక్కుతూ, అరుస్తూ, కింద నాకుకుంటూ ఉంటే చాలామంది విరేచనం అవ్వట్లేదేమో అనుకుని ఊరుకుంటారు. చుక్క కూడా రాకపోతే అర్ధరాత్రయినా సరే ఆసుపత్రికి తీసుకెళ్ళు. ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది అమ్మడూ, పొద్దున్నే చూద్దాంలే అనుకోకు.

ఇక బాక్సులు. మూడు పిల్లులకి నాలుగు ఉండాలి, పిల్లుల కంటే ఒకటి ఎక్కువ. నీవి రెండున్నాయి, అవి కూడా పక్కపక్కన. పక్కపక్కన రెండు పెట్టినా నాలుగు పెట్టినా పిల్లికి అది ఒకటే చోటు, పెద్దోడు ఒక్కడు గడప మీద పడుకుంటే అన్నీ వాడి చేతిలోనే. డబుల్ బెడ్రూమ్ ఫ్లాట్‌లో నాలుగు ఎక్కడ పెట్టను అంటావు, తెలుసు. వాష్ ఏరియాలో ఒకటి ఉంచు, మరీ వాషింగ్ మెషీన్ పక్కన కాకుండా, అది స్పిన్ అయ్యే చప్పుడుకి ఒకసారి జడుసుకుంటే మళ్ళీ అటు రావు. ఒకటి హాల్లో సోఫా చివర. ఒకటి చిన్న బెడ్రూమ్‌లో. నాలుగోది బాల్కనీలో వానజల్లు పడని మూల, తలుపు ఎప్పుడూ తెరిచే ఉండేటట్టయితేనే. బాత్రూమ్ వద్దు, మన బాత్రూముల్లో నేల ఎప్పుడూ తడే, పైగా ఎవరో ఒకరు తలుపేసేస్తారు. ఎక్కడ పెట్టినా రెండు వైపుల నుంచి బయటికి రావడానికి వీలుండాలి. మూత ఉన్న బాక్సు కొన్నావు చూడు, దాని మూత తీసెయ్. మనకి వాసన తగ్గుతుంది గానీ, లోపలున్న పిల్లికి ఒకటే ద్వారం, ఆ ద్వారం దగ్గర పెద్దోడు కాపు కాస్తే ఎటూ పోలేదు.

షాపుల్లో అమ్మే బాక్సులు చాలామటుకు చిన్నవి. ముక్కు నుంచి తోక మొదలు దాకా పిల్లి ఎంత పొడవుందో దానికి ఒకటిన్నర రెట్లు ఉండాలి, లోపల తిరగాలి కదా. దుప్పట్లు పెట్టుకునే పెద్ద ప్లాస్టిక్ డబ్బా కొని ఒక పక్క కిందికి కోసి, అంచు గీసుకోకుండా టేపు వేస్తే సరిపోతుంది. లిట్టర్, అంటే బాక్సులో పోసే మట్టి, సెంటు వాసన లేనిది కొను. నీ దగ్గరున్న లావెండర్‌ది మనకోసం చేసింది, పిల్లి ముక్కుకి అది ఘాటు. సన్నగా ఉండి ఉండ కట్టే బెంటోనైట్ మట్టి రెండు మూడు అంగుళాల మందాన పోయ్. కట్టుబడి ఇసుక చవకే, కానీ ఉండ కట్టదు, ఉచ్చ అడుగుకి దిగి కంపు కొడుతుంది. ఒక్కసారిగా అన్నీ మార్చకు, కొత్త బాక్సుల్లో కొత్తది పోసి పాతవి కొన్నాళ్ళు అలాగే ఉంచు, దేంట్లోకి ఎక్కువ వెళ్తున్నాయో అవే చెప్తాయి.

బాక్సుల్లో పడిన ఉండలు, విరేచనం రోజుకి రెండు పూటలా తీసెయ్యాలి. వారానికోసారి మొత్తం పారబోసి గిన్నెల సబ్బుతో కడుగు. ఫినాయిల్ మాత్రం పిల్లులుండే ఇంట్లో ఉంచనే వద్దు, దాంట్లో ఉండే ఫినాల్‌ని పిల్లి కాలేయం విరగ్గొట్టుకోలేదు, తడి నేల మీద నడిచి పాదాలు నాకితే ఒంట్లోకి పోతుంది. మీ పనమ్మాయికి నువ్వే దగ్గరుండి చెప్పు, అలవాటు మీద పోసేస్తారు. మళ్ళీ పోయకుండా మూలల్లో కలరా ఉండలు వేయమని ఎవరో చెప్పారన్నావు, అవి పిల్లికి విషం, ఈరోజే ఏరి పారెయ్. బ్లీచింగ్ కూడా వద్దు, ఉచ్చతో కలిస్తే చెడ్డ గాలి పుడుతుంది. పరుపుకి ఎంజైమ్ క్లీనర్ అని, ఉచ్చ వాసనని విరగ్గొట్టే ద్రవం దొరుకుతుంది, అది తడి దిగినంత లోతుకీ దిగేలా పోసి, సీసా మీద రాసినంతసేపు వదిలెయ్. మామూలు సబ్బుతో మనకి వాసన పోతుంది గానీ దానికి పోదు. రాత్రి లైట్లార్పి అల్ట్రావయొలెట్ టార్చి వేసి చూస్తే పాత మరకలు కూడా మెరుస్తాయి.

గోడకి, కర్టెన్‌కి పడుతోందా అని కూడా చూడు. నిలబడి తోక వణికిస్తూ వెనక్కి చిమ్మితే అది హద్దు గుర్తు పెట్టుకోవడం, వేరే సంగతి. నల్లోడికి ఇంకా పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ అవ్వలేదన్నావు, చేయించేయ్, చాలామటుకు మగవాటికి దాంతోనే ఆగిపోతుంది.

మీ అత్తగారు పిల్లల కోసం చూస్తూ పిల్లులేంటి అంటున్నారని బాధపడ్డావు. ఆవిడ భయం ఊరికే వచ్చింది కాదు, టాక్సోప్లాస్మా అని, కడుపులో బిడ్డకి హాని చేయగల సూక్ష్మజీవి పిల్లి విరేచనంలో రావచ్చు. కానీ అది బయటపడ్డాక అంటుకునే స్థితికి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది, అందుకే ఏ రోజుది ఆ రోజు తీసెయ్యాలి. ఆ పని ఇకనుంచి అల్లుడిది. పిల్లులకి పచ్చి మాంసం పెట్టకు, బయటికి వదలకు. సరిగ్గా ఉడకని మాంసం వల్ల, కడగని ఆకుకూరల వల్ల కూడా అదే వస్తుందని ఆవిడకి నెమ్మదిగా చెప్పు, మీ డాక్టరమ్మతో ఒక మాట చెప్పిస్తే ఇంకా మంచిది.

చిన్నదాన్ని కొన్నాళ్ళు చిన్న బెడ్రూమ్‌లో వేరుగా ఉంచు, దాని బాక్సు, తిండి, నీళ్ళు అన్నీ అక్కడే, తిండి మాత్రం బాక్సుకి దూరంగా. మంచం మీద ప్లాస్టిక్ షీటు పరిచి, పోసిన చోట బాగా శుభ్రం చేశాక అక్కడే గిన్నె పెట్టి తినిపించు, తినే చోట సాధారణంగా పొయ్యవు. బాక్సులోకి నిబ్బరంగా వెళ్ళడం మొదలుపెట్టాక రోజూ కాసేపు తలుపు తెరువు, ఆ టైములో పెద్దోడితో హాల్లో ఆడుతూ ఉండు. గడప మీద పడుకుంటే తిట్టకు, తాడు బొమ్మ చూపించి అక్కణ్ణించి కదిలించు. కిటికీ దగ్గర ఎత్తుగా ఒక చెక్క వేయిస్తే వాడు తనంతట తనే అక్కడికి మారిపోతాడు.

డాక్టరు దగ్గరికి రేపే వెళ్ళు, మూత్రం పరీక్ష చేయమని నువ్వే అడుగు. ఎప్పుడు పోసింది, ఎక్కడ, ఎంత, అప్పుడు ఇంట్లో మిగతా రెండూ ఎక్కడున్నాయి, ఇవన్నీ ఫోన్లో రాసి పెట్టుకుని వెళ్ళు, ఈ వీడియో కూడా చూపించు.

మీ పెద్దమ్మ