బరంపురం ఇంటికి 38 లక్షలు: ఆర్‌టీజీఎస్‌ చేయండి
అన్నా, బరంపురంలో కొంటున్న ఇంటికి 38 లక్షలు డీడీగా (డిమాండ్‌ డ్రాఫ్ట్‌) ఇవ్వాలా, ఆర్‌టీజీఎస్‌ చేయాలా అని అడిగారు కదా, ఆర్‌టీజీఎస్‌ చేయండి. అంటే ఒక బ్యాంకు ఖాతా నుంచి మరో ఖాతాకు నేరుగా డబ్బు పంపే పద్ధతి. 2 లక్షలు, ఆపైన మొత్తాలకే అది. 2020 డిసెంబరు నుంచి సెలవుల్లోనూ పనిచేస్తోంది. కానీ నెట్‌ బ్యాంకింగ్‌లో మీ రోజువారీ పరిమితి ఎంతో ముందే కనుక్కోండి, లేదంటే సబ్‌ రిజిస్ట్రార్‌ ఆఫీసులో కూర్చున్నాక టెన్షన్‌. ముందురోజే చిన్న మొత్తం పంపి, అందిందో లేదో అమ్మేవారిని అడగండి. వాట్సాప్‌లో వచ్చిన ఖాతా నంబరును ఫోన్‌ చేసి సరిచూడకుండా అస్సలు నమ్మొద్దు. తప్పు ఖాతాలో పడితే రాబట్టడం చాలా కష్టం. యూటీఆర్‌ నంబరు (డబ్బు పంపినప్పుడు ఆ లావాదేవీకి వచ్చే గుర్తింపు సంఖ్య) సేల్‌ డీడ్‌లో రాయించండి. డీడ్‌ ఒడియాలో ఉంటే, చదవగలిగిన మనవాళ్లకు చూపించండి. కొంత నగదు అడిగితే మాత్రం ఒప్పుకోవద్దు. 20,000, ఆపైన నగదు తీసుకుంటే అమ్మినవారికి అంత మొత్తమూ జరిమానా పడొచ్చని చెప్పండి.