మాటల సినిమా రావడం వల్లే బస్టర్ కీటన్ నటజీవితం దెబ్బతిన్నదా?

లేదు; అమెరికన్ మూకీ హాస్యనటుడు బస్టర్ కీటన్‌ను ప్రధానంగా దెబ్బతీసింది ధ్వని కాదు, సొంత స్టూడియోను వదులుకొని 1928లో మెట్రో గోల్డ్‌విన్ మేయర్ సంస్థతో ఆయన చేసుకున్న ఒప్పందం. అంతవరకు నిర్మాత జోసెఫ్ షెంక్ అండతో, కథకు మొదలూ ముగింపూ కుదిరితే చాలు, నడిమి హాస్యాన్ని చిత్రీకరణ స్థలంలోనే పుట్టించుకునే స్వేచ్ఛ ఆయనకు ఉండేది. పెద్ద సంస్థలో ప్రతి సన్నివేశమూ ముందే కాగితం మీదికి ఎక్కవలసి వచ్చింది, ప్రమాదకరమైన విన్యాసాలకు అడ్డుకట్ట పడింది.

ఆ స్వేచ్ఛ విలువ ‘స్టీమ్‌బోట్ బిల్ జూనియర్’ చిత్రంలో కనిపిస్తుంది. గాలివానలో ఇంటి ముందుగోడ మొత్తంగా ఆయన మీద కూలుతుంది. తెరిచి ఉన్న పై కిటికీ ఖాళీ సరిగ్గా ఆయన నిలబడిన చోటికే రావడంతో, అంగుళాల తేడాతో ప్రాణం దక్కుతుంది. అది నిజమైన బరువున్న గోడ, కెమెరా మాయ కాదు. అయినా ఆ ముఖంలో చలనం ఉండదు.

గొంతు బాగులేక వెనకబడ్డారన్నది చాలామంది అపోహ. పసితనం నుంచే తల్లిదండ్రులతో రంగస్థలం మీద పెరిగిన ఆయనకు మాట కొత్త కాదు. పైగా ఆ సంస్థలో చేసిన టాకీలు బాగానే ఆడాయి. అయితే అవి ఆయన చిత్రాలు కావు. దానికి మద్యవ్యసనం, విడాకులు తోడై, 1933లో సంస్థ ఆయనను తొలగించింది.